మధ్యాహ్నం కుట్టే దోమ మీ గోడల మధ్యే పుట్టింది

ప్రశ్న: మేం అమెరికాలో, అరిజోనాలోని ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. కిందటేడు ఇల్లు కొన్నాం. పెరట్లో చిన్న పూల్ ఉంది, కుండీల్లో కరివేపాకు, మల్లె, తులసి పెంచుతున్నాను. జూన్‌లో భీమవరం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. ఆగస్టు మొదలైన దగ్గర్నుంచి దోమలు చంపేస్తున్నాయి. పట్టపగలే, డైనింగ్ టేబుల్ కింద కూర్చున్నా సరే, చీలమండల దగ్గర కుడుతున్నాయి. "దీనికంటే మా భీమవరమే నయం" అంటున్నారు అత్తయ్య. నెలనెలా స్ప్రే చేయిస్తున్నాం, రెండు రోజులు తగ్గి మళ్లీ మామూలే. పక్కింటి పూల్ ఎవరూ చూసుకోక పచ్చగా మారిపోయింది, దోమలన్నీ అక్కణ్నుంచే అని మావారు. పాపకి అయిదేళ్లు, మామయ్యగారికి డెబ్భై రెండు, షుగర్ కూడా ఉంది. డెంగీ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎడారిలో ఇన్ని దోమలేంటండీ? ఏం చేయాలి?

సమాధానం: భీమవరం వాళ్లు దోమల గురించి ఒక మాట అన్నారంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదండీ. ఆవిడ మాటని పక్కన పెట్టకండి, ఆవిడతో మనకి పనుంది, చెప్తాను.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చినవి రెండే ముక్కలు: పట్టపగలు, చీలమండల దగ్గర. ఈ రెండూ కలిశాయంటే మిమ్మల్ని కుడుతున్నది దాదాపుగా ఏడిస్ ఈజిప్టై అనే దోమ. ఈసారి ఒకదాన్ని కొట్టినప్పుడు నలిపేయకుండా తెల్ల కాగితం మీద పెట్టి చూడండి, నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి పట్టీలు ఉంటాయి. మన ఊళ్లో డెంగీ దోమ అనేది దీన్నే. ఇది చెరువుల్లో, కాలవల్లో, మురుగ్గుంటల్లో పుట్టే రకం కాదు. మనుషుల ఇళ్ల దగ్గర చిన్న చిన్న పాత్రల్లో నిలిచిన నీళ్లే దానికి కావాలి, సీసా మూతలో పట్టేన్ని ఉన్నా చాలు. పైగా పెద్దగా ఎగరదు, పుట్టిన చోటు నుంచి నూరు, నూట యాభై మీటర్లు దాటి వెళ్లడం తక్కువ. అంటే మీ డైనింగ్ టేబుల్ కింద కుట్టినది మీ పెరట్లోనో, గోడ అవతల పెరట్లోనో, అంతెందుకు, మీ ఇంట్లోనో పుట్టింది. పచ్చబడిన పూల్‌లో ఎక్కువగా పుట్టేది ఇంకో రకం, క్యూలెక్స్, అది చీకటి పడ్డాక వస్తుంది. కాబట్టి పగటి దోమల విషయంలో మీవారు పక్కింటి మీద వేసిన కేసు కొట్టేస్తున్నాను. రాత్రి దోమల కేసు నడుస్తుంది, దాని సంగతి తర్వాత.

ఇక ఎడారిలో దోమలేంటి అన్నదానికి వస్తే, ఎడారికి దోమలు లేవండీ, మనకే ఉన్నాయి. ఏడాదంతా కలిపి ఏడంగుళాల వాన పడే చోట మనం గడ్డి పెంచుతున్నాం, డ్రిప్ పైపులు పరిచాం, పూల్ తవ్వించాం, రోజూ మల్లెచెట్టుకి నీళ్లు పోస్తున్నాం. బయట నలభై అయిదు డిగ్రీలు కాస్తుంటే ఆ ఎండలో దోమ కూడా బతకలేదు, అందుకే జూన్‌లో మీకు పెద్దగా కనపడలేదు. అయినా తడిసిన కుండీల వెనక, గన్నేరు పొదల కింద, పాటియో నీడలో దానికి కావలసిన చల్లదనం, తేమ మనమే తయారుచేసి పెట్టాం. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ ఆఖరి దాకా ఇక్కడి మాన్సూన్, ఒక్క గాలివాన వచ్చి వెళ్లిందంటే మనం మర్చిపోయిన ప్రతి డబ్బా నిండుతుంది. వారం, పది రోజుల్లో గుడ్డు దోమై ఎగిరిపోతుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా దీని రాజ్యమే.

నా అనుభవం చెప్తాను, సిగ్గుపడాల్సిన కథే. మేం ఇక్కడికి వచ్చిన మూడో ఏడు ఇలాగే మడమలు గోక్కుంటూ ఆగస్టంతా గడిపాం. స్ప్రే కంపెనీ కుర్రాడు నాలుగుసార్లు వచ్చి పొదలన్నిటికీ కొట్టి బిల్లు ఇచ్చి వెళ్లాడు, నీళ్లెక్కడున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు, నాకూ తోచలేదు. చివరికి డ్రిప్ టైమర్ పనిచెయ్యక ముందు వరండా పక్కన నేలలో ఉన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత ఎత్తాను, వాల్వులుండే పెట్టె. మూత తియ్యగానే మొహం మీదికి పొగలాగా లేచాయి. వాల్వు కారుతూ అడుగున బెత్తెడు నీళ్లు, నీళ్ల నిండా గిలగిలలాడే పురుగులు. ముప్పై డాలర్ల వాల్వు మార్పిస్తే పోయేదానికి నెలల తరబడి స్ప్రేకి డబ్బులు పోశాం.

అందుకని మీరు కూడా స్ప్రేకి ఫోన్ చేసే ముందు నీళ్లని వెతకండి. మీ అత్తయ్యగారితో పని అన్నానే, అది ఇదే. గోదావరి జిల్లా ఇల్లాలి కళ్లకి నిలవనీళ్లు కనపడినట్టు మనకి కనపడవు, మనం ఇక్కడ నేల పొడిగా ఉందని చూసి ధీమాగా ఉంటాం. ఒక టార్చి, ఒక గరిటె పట్టుకుని ఇద్దరూ పొద్దున్నే ఎండెక్కకముందు పెరడంతా తిరగండి. మొదట కుండీల కింద పళ్లేలు. కరివేపాకు, తులసి, మల్లె అన్నారు, వాటి కింద పళ్లేలుంటే తీసి పారేయండి, ఈ ఎండకి మొక్క ఎండిపోతుందని భయమైతే పళ్లెంలో ఇసుక నింపండి, తడి ఉంటుంది, నీళ్లు నిలవవు. తర్వాత ఆ వాల్వు పెట్టె, ఒక్కోసారి ఇంటికి ముందొకటి వెనకొకటి ఉంటాయి. తర్వాత పెరట్లో జాలీ మూత ఉన్న డ్రెయిన్. దాని కింద ముడతల గొట్టం వీధి దాకా వెళ్తుంది, ఆ ముడతల్లో నీళ్లు ఎప్పటికీ పూర్తిగా పోవు, చాలా ఇళ్లలో అసలు దొంగ అక్కడే దొరుకుతాడు. పాటియో గొడుగు దిమ్మ, పాప బొమ్మల బండి, బార్బెక్యూ మీద కప్పిన పట్టా మడత, ఏసీ నీళ్లు కారే చోటు, పూల్ పక్కన ఉత్తినే అందానికి పెట్టిన జలపాతం లాంటిది ఉండి మీరు దాన్ని నడపడం మానేసి ఉంటే దాని తొట్టి. పూల్ పంపు రోజూ తిరుగుతూ క్లోరిన్ సరిగా ఉంటే పూల్‌తో భయం లేదు.

ఇంట్లో కూడా చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు. టేబుల్ కింద కుడుతున్నాయంటే ఇంట్లోకి వచ్చి కాపురం పెట్టినట్టే. సీసాలో నీళ్లు పోసి పెట్టిన మనీప్లాంట్ ఉందా? గుమ్మం దగ్గర పూలరేకులు వేసిన ఇత్తడి గిన్నె ఉందా? ఇంకోటి, ఏమీ అనుకోకండి, పెద్దవాళ్లు వచ్చిన ఇళ్లన్నిటిలో చూస్తున్నాను: గెస్ట్ బాత్రూంలో బకెట్ నిండా నీళ్లు పట్టి ఉంచుతారు. కుళాయి తిప్పితే ఇరవై నాలుగు గంటలూ నీళ్లొస్తాయని తెలిసినా ఆ బకెట్ ఖాళీగా ఉంటే వాళ్లకి మనసొప్పదు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకని గిన్నెలో దాచి పెరటి గుమ్మం దగ్గర పెట్టడం ఇంకోటి. వద్దని వాదనకి దిగకండి, బకెట్ మీద మూత పెట్టండి, కడుగునీళ్లు ఏ రోజువి ఆ రోజే పోసేయండి.

నీళ్లు పారబోస్తే సరిపోదు, పీచుతో గట్టిగా రుద్దాలి. ఎందుకంటే ఈ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటి గీతకి కాస్త పైన పాత్ర గోడకి అతికిస్తుంది. అవి ఎండిపోయి నెలల తరబడి అలాగే ఉండి, మళ్లీ తడి తగిలిన రోజున పొదుగుతాయి. ఎండబెట్టాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, వచ్చే వానకి అదే కుండీలోంచి లేస్తాయి. మన ఊళ్లలో శుక్రవారం డ్రై డే అని మున్సిపాలిటీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి తొట్లు బోర్లించమంటారు చూడండి, ఆ వారానికొకసారి అన్న లెక్క దోమ వయసుని బట్టి పెట్టిందే. మీ అత్తయ్యగారికి ఇది కొత్త కాదు. శుక్రవారం ఆవిడకి అప్పగించండి.

పారబోయలేని నీళ్లుంటాయి, ఆ డ్రెయిన్ గొట్టం లాంటివి. వాటికి హార్డ్‌వేర్ షాపుల్లో మస్కిటో డంక్స్ అని గుండ్రటి బిళ్లలు దొరుకుతాయి. అందులో ఉండేది బీటీఐ అనే బ్యాక్టీరియా. నాకు భలే నచ్చే సంగతేంటంటే, దీన్ని 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, ఒక మడుగులో చచ్చి తేలుతున్న దోమ పిల్లల దగ్గర కనిపెట్టారు. ఎడారి మనకి దోమని ఇవ్వలేదు గానీ మందు మాత్రం ఇచ్చింది. దోమ పిల్లలు దాన్ని తిని చస్తాయి, కుక్కలకి, పిట్టలకి, చేపలకి, మనుషులకి ఏమీ కాదు. ఒక బిళ్ల నూరు చదరపుటడుగుల నీళ్లకి నెలరోజులు పనిచేస్తుంది, వాల్వు పెట్టెకి ముక్క విరిచి వేస్తే చాలు. డ్రెయిన్ గొట్టంలోకి బిళ్ల వెళ్లదు, దానికి అదే మందు రవ్వలాగా బిట్స్ పేరుతో అమ్ముతారు, గుప్పెడు పోయండి, వాన వచ్చినప్పుడల్లా మళ్లీ పోయండి. ఒక్కటి గుర్తుంచుకోండి, తినడం మానేసి ప్యూపా దశకి వెళ్లిపోయినవాటిని ఇది చంపదు, అందుకని వేసిన మర్నాడే దోమలు మాయం కావు, పది రోజులు ఓపిక పట్టాలి.

పెరట్లో మిగతా నీళ్లన్నీ ఖాళీ అయ్యాక ఒక తమాషా చేయొచ్చు. నల్ల బకెట్లో సగం నీళ్లు, గుప్పెడు ఎండుగడ్డి, ఒక డంక్ ముక్క వేసి నీడన పెట్టండి. గుడ్లు పెట్టడానికి చోటు దొరకని ఆడదోమ దాని దగ్గరికే వస్తుంది, పిల్లలు బతకవు. నెలకోసారి బిళ్ల వెయ్యడం మర్చిపోయారో, మీరే దోమలకి పురిటిగది కట్టించినవాళ్లవుతారు. నా మతిమరుపు నాకు తెలుసు కాబట్టి నేను పెట్టలేదు.

స్ప్రే సంగతి. అది ఎగిరే దోమల్ని చంపుతుంది, గోడకి అతికిన గుడ్లని కాదు. అందుకే మీకు రెండు రోజుల సుఖం దక్కి మళ్లీ మొదలవుతోంది. పైగా మల్లెల మీదికొచ్చే తేనెటీగలు పోతాయి. ఇంట్లో ఏదైనా ఫంక్షన్ ఉండి ఆ ఒక్క సాయంత్రానికి కావాలంటే చేయించుకోండి, నెలనెలా కాంట్రాక్టు మాత్రం రద్దు చేసేయండి. అలాగే నీలి దీపం మిషన్లు దోమల కంటే పాపం వేరే పురుగుల్నే ఎక్కువ చంపుతాయి, ఫోన్‌లో శబ్దం చేసే యాప్‌లు శుద్ధ దండగ. ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చే పురుగుల చాక్‌పీసులు ఇక్కడ చట్టప్రకారం నిషేధం, పిల్లలు నిజం చాక్‌పీసనుకుని నోట్లో పెట్టుకుంటారు, అయిదేళ్ల పాప ఉన్న ఇంట్లో అసలొద్దు. వేపాకు పొగ, సాంబ్రాణి అంటారేమో అత్తయ్యగారు, స్మోక్ అలారం మోగి వీధంతా బయటికొస్తుంది, మా ఇంట్లో జరిగింది. పనిచేసేది మామూలు ఫ్యాను. దోమ ఎగరడంలో బలహీనం, పాటియోలో ఒక టేబుల్ ఫ్యాను కాళ్ల వైపు తిప్పి పెడితే దగ్గరికి రాలేదు. మన దోమల బ్యాట్ ఎలాగూ ఉండే ఉంటుంది, దాని పనితనం గురించి తెలుగువాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. మీరు డెంగీకి భయపడుతున్నారు. ఇక్కడ డెంగీ దాదాపుగా బయట దేశాల నుంచి ఒంట్లో తెచ్చుకున్నవాళ్లకే కనపడుతుంది. ఈ మారికోపా కౌంటీలోనే దోమకాటుతో ఒకరికి వచ్చినట్టు 2022 నవంబర్‌లో బయటపడింది నిజమే గానీ, మీ ఇంట్లో నేను ఎక్కువ ఆలోచించేది మామయ్యగారి గురించి, అదీ పగటి దోమతో కాదు, మీవారు వేలెత్తి చూపిస్తున్న ఆ పచ్చ పూల్ రకంతో. క్యూలెక్స్ దోమ పిట్టల్ని కుట్టి, వాటి నుంచి వెస్ట్ నైల్ వైరస్‌ని మనుషులకి తెస్తుంది. 2020 మాన్సూన్‌లో ఫీనిక్స్ విమానాశ్రయం దగ్గర ఒక్క అంగుళం వాన పడింది, 2021లో నాలుగంగుళాలు దాటింది. ఆ 2021లో ఒక్క మన కౌంటీలోనే 1,487 మందికి వెస్ట్ నైల్ వచ్చినట్టు తేలింది, 101 మంది పోయారు. అమెరికాలో ఏ కౌంటీలోనూ అంతకు ముందు అంత పెద్దగా రాలేదు. కంగారు పెట్టడానికి చెప్పట్లేదు, వైరస్ సోకిన పదిమందిలో ఎనిమిది మందికి ఏమీ తెలియను కూడా తెలియదు, మెదడు దాకా వెళ్లేది దాదాపు 150 మందిలో ఒకరికి. కానీ అరవై దాటినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి ఆ ప్రమాదం ఎక్కువ, మనుషులకి దీనికి టీకా లేదు, ప్రత్యేకంగా మందూ లేదు.

ఈ ఊళ్లో ఉన్న చిక్కేంటంటే, వేసవిలో పగలంతా ఎవరూ గడప దాటరు, తెల్లవారుజామున, పొద్దుగుంకాక నడకకి వెళ్తారు, సరిగ్గా ఆ దోమ తిరిగే వేళకే. మామయ్యగారు కూడా అంతేనని ఊహిస్తున్నాను. నడక మానిపించొద్దు, షుగర్‌కి అది కావాలి. సన్నటి పొడుగు ప్యాంటు, సాక్సులు, బయటపడ్డ చోట ఇరవై నుంచి ముప్పై శాతం డీట్ గానీ, ఇరవై శాతం పికారిడిన్ గానీ ఉన్న, దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసుకునే మందు. పికారిడిన్‌కి వాసన తక్కువ, జిడ్డు తక్కువ, పెద్దవాళ్లు ఒప్పుకుంటారు. పాపకి కూడా వాడొచ్చు, కానీ మీ చేతుల్లోకి తీసుకుని మీరే రాయాలి, ఆమె అరచేతులకి, కళ్ల దగ్గర వద్దు. సన్‌స్క్రీన్ రాస్తే ముందు అది, తర్వాత ఇది. ఇంట్లో ఎవరికైనా జ్వరంతో పాటు భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, మాట తడబడటం, కాళ్లూచేతులూ నీరసించిపోవడం ఉంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పక్కింటి పూల్ సంగతి. ముందు వెళ్లి తలుపు తట్టండి. ఒక్కోసారి పంపు చెడిపోయి బాగుచేయించే డబ్బుల్లేక ఊరుకుని ఉంటారు, ఒక్కోసారి ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటారు. గోడ మీంచి నాలుగు డంకులు విసిరేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది, ఎవరి పూల్ వాళ్లది, అడగకుండా వద్దు. ఎవరూ పలక్కపోతే కౌంటీలో దోమల నివారణ చూసే వెక్టర్ కంట్రోల్ వాళ్లకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి, వచ్చి చూస్తారు. పూల్ వెంటనే బాగుచేయించలేని వాళ్లకి దోమ పిల్లల్ని తినే చేపల్ని కౌంటీయే ఉచితంగా ఇస్తుంది, మన దగ్గర బావుల్లో, చెరువుల్లో వదిలే గంబూసియా చేపలే ఇవి, మామయ్యగారు చూస్తే గుర్తుపట్టేస్తారు. వాటిని కాలవల్లో, పార్కు చెరువుల్లో మాత్రం వదలకూడదు, ఇక్కడి సొంత చేపల్ని తినేస్తాయి. మీ కాలనీలో వాన నీళ్లు చేరే పల్లం మైదానం ఉంటే అది కూడా గమనించండి. ముప్పై ఆరు గంటల్లో ఇంకిపోవాలని ఇక్కడి నిబంధన. అంతకు మించి నిలిస్తే ఫొటో తీసి హెచ్‌ఓఏకి, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి, పంపండి. అక్టోబర్‌లో చలికాలపు గడ్డి కోసం విత్తనాలు జల్లి రోజుకి మూడు నాలుగు సార్లు తడుపుతారు, అప్పుడు మళ్లీ ఒక విడత వస్తాయి, వానలు తగ్గాయని ధీమా పడకండి.

ఒకటి మర్చిపోయాను. సెప్టెంబర్‌లోనో, పండక్కో మీలో ఎవరైనా ఇండియా వెళ్లొస్తే, వచ్చాక మూడు వారాలు దోమ కుట్టకుండా చూసుకోండి. డెంగీ ఒంట్లో పెట్టుకుని వచ్చినవాళ్లని మీ పెరటి ఏడిస్ కుడితే అది పాపకి చేరే దారి అదే, జ్వరం రాకపోయినా సరే. ఆ వారాల్లో జ్వరమొస్తే డాక్టర్‌కి ఇండియా నుంచి వచ్చామని మొట్టమొదట చెప్పండి, అప్పటిదాకా ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వేసుకోకండి, టైలెనాల్ (మన పారాసెటమాల్) ఒక్కటే.

ముందు రేపు పొద్దున్న ఆ ఆకుపచ్చ మూత ఎత్తి చూడండి. మొహం కాస్త పక్కకి పెట్టుకుని ఎత్తండి. మామయ్యగారు సాక్సులు వేసుకోనంటే మీరు చెప్పకండి, పాపతో చెప్పించండి.